పళ్ల క్లినిక్కులో పనిచేసేవారికి విద్యుదయస్కాంత క్షేత్రాల వల్ల ప్రమాదం ఎంత?

మీరు తొమ్మిదేళ్లుగా పళ్ల డాక్టరు పక్కన అసిస్టెంటుగా పనిచేస్తున్నారు. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని కొలిస్తే పేషెంటు కుర్చీ పక్కన 47 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం), పళ్ల మీది గార తీసే స్కేలర్ యూనిట్ దగ్గర 60 దాటి చూపించిందని, 0.4 దాటితే ప్రమాదమని ఎక్కడో చదివారని, ఇప్పుడు మీకు మూడో నెల కాబట్టి నిద్ర పట్టడం లేదని రాశారు. సాయంత్రానికి తలనొప్పి వస్తోందని, రేడియేషన్‌ను ఆపుతుందని చెప్పి అమ్మే ఏప్రన్ కొనుక్కోవాలా అని కూడా అడిగారు. అన్నీ అయ్యాక, మీతో పనిచేసే పెద్దావిడకు ఈమధ్యే పేస్‌మేకర్ పెట్టారని ఒక్క వాక్యంలో చెప్పి ముగించారు. ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లోనూ కర్మాగారాల్లోనూ ఈ క్షేత్రాలను కొలవడమే నా పని. మీరు రాసిన వాటిలో వెంటనే ఏదైనా చేయవలసిన విషయం ఉంటే అది ఆ చివరి వాక్యమే. అయితే మీ మనసు కుదుటపడాలంటే ముందు ఆ 47 సంగతి తేల్చాలి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఫోన్‌లో ఉన్న సెన్సరు దిక్సూచి పనిచేయడానికి పెట్టినది. అది కొలిచేది దిశ మారకుండా నిలకడగా ఉండే అయస్కాంత క్షేత్రాన్ని, అంటే ముఖ్యంగా భూమికి సహజంగా ఉన్న క్షేత్రాన్ని. భూమి మీద ఆ క్షేత్రం చోటును బట్టి సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లాల దాకా ఉంటుంది. మీరు చూసిన 47 అదే. కరెంటు స్తంభం కూడా లేని ఖాళీ మైదానానికి వెళ్లి కొలిచినా ఇంచుమించు అదే అంకె కనిపిస్తుంది. స్కేలర్ దగ్గర 60 దాటడానికి కారణం ఆ యూనిట్ లోపల ఉన్న ఇనుము. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ గానీ ఉక్కు చట్రం గానీ భూమి క్షేత్రాన్ని తన వైపు లాక్కుని కొన్ని చోట్ల పెంచుతుంది, కొన్ని చోట్ల తగ్గిస్తుంది. అనుమానం ఉంటే స్కేలర్ ప్లగ్గు పీకేసి ఫోన్‌ను సరిగ్గా అదే చోట, అదే కోణంలో పెట్టి మళ్లీ చూడండి. కరెంటు లేకపోయినా అంకె దాదాపుగా అలాగే ఉంటుంది.

మీరు చదివిన 0.4 మైక్రోటెస్లా పూర్తిగా వేరే క్షేత్రానికి సంబంధించినది. గోడలోని వైర్లలో పారే ఏసీ కరెంటు సెకనుకు 50 లేదా 60 సార్లు అటూ ఇటూ మారుతుంటుంది, దానితోపాటే చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రమూ మారుతుంటుంది. ఆ మారే క్షేత్రం గురించిన అంకె అది. నిలకడగా ఉన్న 47నీ మారుతూ ఉండే 0.4నీ పక్కపక్కన పెట్టి నూరు రెట్లు ఎక్కువగా ఉందని భయపడటం, బావిలో నీటి లోతునీ అలల ఎత్తునీ పోల్చడం వంటిది. రెండింటికీ కొలమానం ఒకటే అయినా అవి చెప్పే సంగతులు వేరు.

ఆ 0.4 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దానికి ఎంత బరువు ఇవ్వాలో మీరే నిర్ణయించుకోగలరు. 1979లో అమెరికాలోని డెన్వర్ నగరంలో, ఇళ్ల పక్కన పోయే కరెంటు లైన్లకూ పిల్లల్లో క్యాన్సర్‌కూ సంబంధం కనిపిస్తోందని ఒక పరిశోధన వెలువడింది. తరువాత అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలను 2000లో కలిపి విశ్లేషించినప్పుడు, ఇంట్లో సగటు క్షేత్రం 0.3 లేదా 0.4 మైక్రోటెస్లా దాటిన కొద్దిమంది పిల్లల్లో రక్త క్యాన్సర్ సుమారు రెండు రెట్లు కనిపించింది. ఆ ఆధారంతోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాలను 2బి వర్గంలో, అంటే క్యాన్సర్‌కు కారణం కావచ్చేమోనన్న అనుమానం ఉన్నవాటిలో చేర్చింది. ఇది పిల్లలు రాత్రింబవళ్లు ఉండే ఇంట్లో తీసిన సగటు. పెద్దవాళ్లు పనిచేసే చోట దాటకూడని గీత కాదు. జంతువుల మీద చేసిన ప్రయోగాలు గానీ కణాల మీద చేసినవి గానీ ఆ సంబంధాన్ని బలపరచలేదు కనుకనే, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద సమగ్ర సమీక్ష వెలువరించినప్పుడు కూడా, కారణమని చెప్పడానికి ఆధారం చాలదనీ, అయినా పెద్దగా ఖర్చు కాని జాగ్రత్తలు తీసుకోవడం సమంజసమనీ చెప్పింది.

అయోనైజ్ చేయని, అంటే అణువుల బంధాలను తెంచలేని వికిరణాల నుంచి రక్షణకు మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంఘం 2010లో పెట్టిన ప్రమాణం ప్రకారం 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు మారే క్షేత్రం) దగ్గర ఉద్యోగులకు 1000 మైక్రోటెస్లా, సామాన్య ప్రజలకు 200. ఈ 1000 వేలల్లో, ముందు చెప్పిన 0.4 దశాంశాల్లో ఉండేసరికి చాలామందికి వీటిలో ఏదో ఒకటి అబద్ధమనిపిస్తుంది. నిజానికి ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. క్షేత్రం బాగా బలంగా ఉన్నప్పుడు శరీరంలో పుట్టే విద్యుత్తు నరాలను కదిలిస్తుంది, కంటికి లేని మెరుపులు కనిపిస్తాయి. అది అప్పటికప్పుడు జరిగేది, నిరూపితమైనది. దాన్ని అడ్డుకోవడానికి పెట్టినదే 1000. ఏళ్ల తరబడి తక్కువ మోతాదులో ఉంటే ఏమవుతుందన్నది మరో ప్రశ్న, దానికి నిరూపితమైన జవాబు లేనందువల్ల అంకె రూపంలో ఆ సంఘం హద్దు పెట్టలేదు. ఈ తేడా చెప్పకుండా మీ క్లినిక్కు ప్రమాణాలకు లోబడే ఉందని మాత్రం చెప్పి పంపేస్తే మీ సందేహం తీరదని నాకు తెలుసు.

ఇప్పుడు క్లినిక్కులోకి వెళదాం. అక్కడ కరెంటుతో నడిచే వస్తువులు చాలా ఉన్నా, కొలిచేవాడి దృష్టిలో పట్టించుకోదగినవి రెండు మూడే. వాటిలో మొదటిది స్కేలర్.

అల్ట్రాసోనిక్ స్కేలర్లలో రెండు రకాలున్నాయి. మీ దగ్గర ఉన్నది ఏదో తెలుసుకోవడానికి మీటరు అవసరం లేదు. హ్యాండ్‌పీస్ (చేత్తో పట్టుకునే పిడి) నుంచి మొనను నేరుగా బయటకు లాగినప్పుడు దాని వెనుక సన్నని లోహపు రేకుల కట్ట ఒకటి వస్తే అది మాగ్నెటోస్ట్రిక్టివ్ రకం. అలా కాకుండా చిన్న మొనను తాళంచెవిలాంటి సాధనంతో మరమేకులా తిప్పి బిగించేదైతే అది పీజో రకం. మొదటి దానిలో హ్యాండ్‌పీస్ లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకు సుమారు 25,000 నుంచి 30,000 సార్లు మారే కరెంటు పారుతూ ఉంటే, ఆ అయస్కాంత క్షేత్రానికి నికెల్ రేకులు సాగుతూ ముడుచుకుంటూ మొనను కంపింపజేస్తాయి. అంటే అయస్కాంత క్షేత్రమే దాని పని, ఆ క్షేత్రం పుట్టేది పట్టుకున్న వేళ్ల మధ్యనే. పీజో రకంలో కంపించేది విద్యుత్ వోల్టేజికి ఆకారం మార్చుకునే సిరామిక్ పలకలు. అక్కడ అయస్కాంత క్షేత్రం చాలా తక్కువ.

స్కేలర్ ఫ్రీక్వెన్సీ దగ్గర ప్రమాణాలు కూడా మారతాయి. 3 కిలోహెర్ట్జ్ దాటిన తరువాత ఆ సంఘం 2010 ప్రమాణం ఉద్యోగులకు 100 మైక్రోటెస్లా, ప్రజలకు 27. యూరోపియన్ యూనియన్ 2013లో చేసిన ఉద్యోగుల రక్షణ నిర్దేశం చేతులకూ కాళ్లకూ 300 దాకా అనుమతిస్తుంది, ఎందుకంటే అక్కడ మెదడూ గుండే లేవు. హ్యాండ్‌పీస్‌ను ఆనించి కొలిస్తే పెద్ద అంకె రావడం వింత కాదు. కానీ చిన్న చుట్ట నుంచి వచ్చే క్షేత్రం దూరంతోపాటు చాలా వేగంగా పడిపోతుంది: చుట్ట పొడవుతో పోలిస్తే దూరం బాగా ఎక్కువైన చోట, దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతు అవుతుంది, పది రెట్లయితే వెయ్యో వంతు అవుతుంది. పట్టుకున్న డాక్టరు వేళ్లకు ఉన్నది ఆ డాక్టరు ఛాతీకి ఉండదు. నోట్లోని నీటిని లాగే సక్షన్ గొట్టం పట్టుకుని అవతలి వైపు కూర్చున్న మీ పొట్ట దగ్గరకు వచ్చేసరికి అది మరింత సన్నగిల్లుతుంది. నేను ఈ పనికి వెళ్లిన ప్రతిచోటా మొదట చేసి చూపించేది ఇదే. మీటరును హ్యాండ్‌పీస్ పక్కన పెట్టి, తరువాత మెల్లగా ఒక జానెడు వెనక్కు జరుపుతాను. అంకె కళ్ల ముందే కూలిపోవడం చూశాక అక్కడున్నవాళ్ల ముఖాల్లో వచ్చే మార్పు ఎన్ని మాటలు చెప్పినా రాదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. హ్యాండ్‌పీస్ వైరును మెడ మీదుగా వేసుకోవడం, పని లేనప్పుడు హ్యాండ్‌పీస్‌ను ఒడిలో పెట్టుకుని కాలు పెడల్ మీదే ఉంచడం చూస్తుంటాను. అవి మానుకోవాలి. పెడల్ నొక్కినంతసేపే క్షేత్రం ఉంటుంది, వదిలితే పోతుంది.

మిగతా వాటిని త్వరగా చెప్పేస్తాను. గాలితో తిరిగే టర్బైన్ హ్యాండ్‌పీస్‌లో మోటారే లేదు. మైక్రోమోటారులో ఉంది, అయితే చిన్నది. అక్కడ కూడా చేతికే పరిమితం. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ కరెంటు బాగా లాగుతుంది కానీ దానిని ఆనుకుని ఎవరూ గంటల తరబడి నిలబడరు. కంప్రెసరు, సక్షన్ మోటారు సాధారణంగా వేరే గదిలో ఉంటాయి. గోడకు ఇటువైపు మీ స్టూలు ఉంటే తప్ప ఆలోచించనక్కర్లేదు. వైఫై గురించి అడగలేదు గానీ తరువాతి ప్రశ్న అదే అవుతుంది కనుక లెక్క చెబుతాను: 100 మిల్లీవాట్ల రూటరు నుంచి ఒక మీటరు దూరంలో చదరపు మీటరుకు సుమారు 0.008 వాట్లు వస్తుంది, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ప్రజలకు పెట్టిన ప్రమాణం 10 వాట్లు.

అందరూ భయపడే యంత్రాల కన్నా అసలు క్షేత్రం ఎక్కువగా కనిపించేది ఎవరూ చూడని చోట, గోడలోని వైరింగులో. దీని వెనుక సూత్రం తెలిస్తే మీకు ఎప్పటికీ పనికొస్తుంది. ఒంటరి వైరులో 10 ఆంపియర్లు పారుతుంటే మీటరు దూరంలో 2 మైక్రోటెస్లాలు ఉంటుంది. కానీ వైరు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. వెళ్లే కరెంటుకు పక్కనే తిరిగి వచ్చే కరెంటు ఉంటుంది. ఆ రెండు తీగలు అర సెంటీమీటరు ఎడంలో కలిసి నడిస్తే ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చెరిపేసి మీటరు దూరంలో 0.01 మాత్రమే మిగులుతుంది. రెండు వందల రెట్లు తేడా. వెళ్లిన కరెంటు వెళ్లిన దారిలో తిరిగి రాకుండా మరో సర్క్యూట్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వచ్చే తీగ) ద్వారానో నీళ్ల గొట్టం ద్వారానో తిరిగి వస్తే ఆ చెరిపివేత పోతుంది, గది మొత్తంలో క్షేత్రం పెరుగుతుంది.

చాలా ఏళ్ల కిందట ఒక క్లినిక్కులో రిసెప్షన్ దగ్గర కూర్చునే అమ్మాయి తన కంప్యూటర్ తెర ఎప్పుడూ వణుకుతోందని, కళ్లు లాగుతున్నాయని చెప్పింది. అప్పట్లో వాడిన గాజు తెర మానిటర్లు ఒక మైక్రోటెస్లా ప్రాంతం దాటితే అలా వణికేవి, అవే ఒకరకంగా మీటర్లు. డాక్టరుగారు ఎక్స్‌రే యంత్రాన్ని అనుమానించి దాన్ని రెండుసార్లు రిపేరుకు కూడా పంపారట. నేను మీటరు పట్టుకుని గది అంతా తిరిగితే అంకె పెరుగుతూ పోయింది ఆమె కుర్చీ వెనుక గోడ వైపు. గోడ అవతల మెట్ల కింద కరెంటు డిస్ట్రిబ్యూషన్ బోర్డు ఉంది, అందులో రెండు సర్క్యూట్ల న్యూట్రల్ వైర్లు ఒకదానికొకటి మార్చి బిగించి ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ వాటిని సరిచేశాడు. బల్లను గోడకు మీటరున్నర ఇవతలికి జరిపించాను. తెర నిలిచిపోయింది. ఆ వైరింగు తప్పు క్షేత్రం దృష్ట్యానే కాక అగ్నిప్రమాదం దృష్ట్యా కూడా సరిచేయవలసినదే, అందుకే ఇలాంటిది కనిపిస్తే నేను ఎవరినీ వదలను.

కొలవాలనుకుంటే మూడు విషయాలు అడగండి. మీటరు మూడు దిశల్లోనూ ఒకేసారి కొలిచేదై ఉండాలి. అది ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా చూడగలదో రాసి ఉండాలి. ఇళ్లలో వాడే చవక మీటర్లు 50, 60 హెర్ట్జ్ చుట్టుపక్కలే చూస్తాయి, వాటికి 25 కిలోహెర్ట్జ్ స్కేలర్ కనిపించదు, కనిపించనిదాన్ని లేదనుకుని నిశ్చింతగా ఉండటమూ తప్పే. మూడవది, కొలత తీసుకున్న చోటు. యంత్రాన్ని ఆనించి తీసిన అంకె యంత్రం గురించి చెబుతుంది, మీ గురించి కాదు. మీరు పని చేసేటప్పుడు కూర్చునే భంగిమలో తల, ఛాతీ, పొట్ట ఎత్తుల్లో విడివిడిగా, స్కేలర్ నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆపినప్పుడు ఒకసారి తీసినదే మీ కొలత. రోజు సగటు కావాలంటే లెక్క తేలికే: ఏడు గంటలు 0.1 దగ్గర, ఒక గంట 2 దగ్గర గడిపితే ఎనిమిది గంటల సగటు సుమారు 0.34 అవుతుంది. ఒక గంట ఆ చోట కూర్చోవడం మానేస్తే మూడో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది.

ఇక మీ గర్భం సంగతి. 2002లో కాలిఫోర్నియాలో గర్భిణులకు మీటర్లు కట్టి చేసిన ఒక అధ్యయనంలో, రోజులో ఎప్పుడైనా 1.6 మైక్రోటెస్లా దాటిన క్షేత్రానికి గురైన వారిలో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయి. ఆ ఫలితం చూసి భయపడేవారికి దాని మీద వచ్చిన విమర్శ కూడా తెలియాలి. గర్భం నిలకడగా సాగుతున్న స్త్రీకి వికారం, నీరసం ఎక్కువగా ఉండి ఇంట్లోనే ఉంటుంది. గర్భం నిలవబోనివారిలో ఆ లక్షణాలు తక్కువగా ఉండి వాళ్లు ఎక్కువ తిరుగుతారు, తిరిగేవారికి ఎక్కడో ఒకచోట ఎక్కువ క్షేత్రం తగులుతుంది. అంటే కారణం, ఫలితం తలకిందులై ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 సమీక్ష ఇటువంటి ఆధారాలన్నిటినీ పరిశీలించి అవి సరిపోవని తేల్చింది. యూరోపియన్ నిర్దేశం గర్భిణులైన ఉద్యోగులను ప్రత్యేకంగా చూడవలసినవారిగా పేర్కొంటుంది. ఆచరణలో వారికి ప్రజల ప్రమాణాన్ని వర్తింపజేస్తారు. మీరు అసిస్టెంటుగా కూర్చునే చోట స్కేలర్ నుంచి వచ్చేది ఆ ప్రమాణం దరిదాపులకు కూడా రాదని నా అనుభవం. అయినా మీకు ధైర్యం కావాలంటే, ఈ ఆరు నెలలు స్కేలింగ్‌లో మీరు పట్టుకునే పనిని మరొకరికి మార్చమని అడగడం న్యాయమైన కోరికే.

గర్భిణిగా మీ జాగ్రత్త అంతా పెట్టవలసింది ఎక్స్‌రే మీద. మూలంలో అది కూడా విద్యుదయస్కాంత తరంగమే అయినా దాని శక్తి అణువుల బంధాలను తెంచగలంత ఎక్కువ, ఇంతవరకు చెప్పుకున్న క్షేత్రాలకు ఆ శక్తి లేదు. అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం ప్రకారం, గర్భం గురించి యాజమాన్యానికి తెలియజేసిన తరువాత మిగిలిన నెలలన్నిటిలో కలిపి కడుపులోని బిడ్డకు వికిరణ మోతాదు 1 మిల్లీసీవర్ట్‌కు మించరాదు. చక్కగా నడిచే పళ్ల క్లినిక్కులో ఇది కష్టమేమీ కాదు: ఎక్స్‌రే తీసేటప్పుడు గోడ చాటున ఉండండి, అది లేకపోతే కనీసం రెండు మీటర్లు దూరంగా, కిరణం పోయే దారికి 90 నుంచి 135 డిగ్రీల కోణంలో నిలబడండి. కదిలే పిల్లల నోట్లో ఫిల్మును గానీ సెన్సరును గానీ మీ వేళ్లతో పట్టుకోవద్దు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ వద్దు. గర్భం సంగతి ఇంకా చెప్పకపోతే రాతపూర్వకంగా చెప్పండి, ఎక్స్‌రే మోతాదు కొలిచే బ్యాడ్జి అడగండి. మూడో నెల కదా, ఆలస్యం చేయకండి.

ఏప్రన్ కొనవద్దు. వెండి దారాల గుడ్డ రేడియో తరంగాలను కొంత ఆపుతుంది, తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు. 50 హెర్ట్జ్ క్షేత్రం రాగిలోకి దిగినప్పుడు మూడో వంతు ప్రాంతానికి తగ్గడానికే 9 మిల్లీమీటర్ల మందం కావాలి. గుడ్డలో ఉన్న పొర వెంట్రుక కన్నా పలుచన. ఎక్స్‌రేకు వాడే సీసం ఏప్రన్ కూడా దీనికి పనికిరాదు, దాని పని అది చేస్తుంది. ఆ డబ్బు మంచి స్టూలుకు ఖర్చు పెట్టుకోండి.

మీ తలనొప్పిని నేను తేలికగా తీసుకోవడం లేదు. 2005 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ అంశం మీద వెలువరించిన పత్రం, ఇటువంటి లక్షణాలు నిజమైనవేనని, కొందరిని పని చేయనీయనంతగా బాధిస్తాయని ఒప్పుకుంటూనే, వాటిని విద్యుదయస్కాంత క్షేత్రాలతో ముడిపెట్టే శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. క్షేత్రం ఉందో లేదో కూర్చున్నవారికీ పరీక్షించేవారికీ తెలియకుండా చేసిన పరీక్షల్లో, అది ఉన్నప్పుడూ లేనప్పుడూ బాధలో తేడా కనిపించలేదు. పళ్ల క్లినిక్కులో తలనొప్పికి కారణాలు అంతకన్నా దగ్గరలోనే ఉన్నాయి: పూటంతా మెడ ఒక పక్కకు వంచి నోట్లోకి చూడటం, చీకటి నోటికీ మెరిసే దీపానికీ మధ్య కళ్లు మారుతూ ఉండటం, సక్షన్ హోరు, కట్టుడు పళ్లకు వాడే అక్రిలిక్ మోనోమర్ వాసన, గాలి ఆడని గదిలో మత్తు కోసం ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్, నీళ్లు తాగకపోవడం. ఫిల్లింగును గట్టిపరిచే నీలి దీపాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. 400 నుంచి 500 నానోమీటర్ల మధ్య ఉండే ఆ వెలుగు నేరుగా రెటీనాకు హాని చేసేది, నారింజ రంగు అద్దం లేకుండా దాని వైపు చూడకండి. రెండు వారాలపాటు తలనొప్పి మొదలైన వేళ, అప్పుడు చేస్తున్న పని, గదిలో ఏది తెరిచి ఉందో ఒక నోటు పుస్తకంలో రాసుకుని మీ డాక్టరుకు చూపించండి. గర్భిణికి తలనొప్పి వస్తే రక్తపోటు చూపించుకోవడం ఎలాగూ తప్పనిసరి.

మీ క్లినిక్కుకు అనుబంధంగా పళ్లు తయారుచేసే ల్యాబు ఉంటే ఒక మాట. ఇండక్షన్ కాస్టింగ్ యంత్రంలో లోహాన్ని కరిగించేది అయస్కాంత క్షేత్రమే, అందులో కిలోవాట్ల శక్తి ఒక రాగి చుట్టలో పారుతుంది. పళ్ల వైద్య రంగం మొత్తంలో ఈ క్షేత్రాలకు నిజంగా ఎక్కువగా గురికాగలవాడు ఆ చుట్ట మీదకు వంగి లోహం కరిగిందా అని చూసే టెక్నీషియన్, కానీ ఇన్నేళ్లలో ఒక్క ల్యాబు కూడా నన్ను తనంతట తానుగా పిలవలేదు. యంత్రం నడుస్తున్నప్పుడు చేయి చాపినంత దూరంలో ఉండాలి, వేలికి ఉంగరం గానీ చేతికి లోహపు గడియారం గానీ ఉండకూడదు. లోహం కరిగించే క్షేత్రానికి అచ్చులోని లోహమూ వేలి మీది ఉంగరమూ తేడా తెలియదు.

ఇప్పుడు మీ పెద్దావిడ సంగతికి వస్తాను. పేస్‌మేకర్ గుండె నుంచి వచ్చే మిల్లీవోల్టుల సంకేతాలను వింటూ ఉంటుంది. బయటి క్షేత్రాన్ని పొరపాటున గుండె కొట్టుకున్నట్టు భావిస్తే, తాను ఇవ్వవలసిన విద్యుత్ ప్రేరణను ఆపేయవచ్చు. దీనికి ఏళ్ల తరబడి పేరుకునే మోతాదు అవసరం లేదు, ఒక్క క్షణం చాలు. 1998లో ప్రచురితమైన ఒక ప్రయోగశాల పరిశోధనలో, మాగ్నెటోస్ట్రిక్టివ్ స్కేలర్ 37.5 సెంటీమీటర్ల దూరం నుంచి, అల్ట్రాసోనిక్ క్లీనర్ తొట్టి 30 సెంటీమీటర్ల నుంచి, కరెంటుతో చిగుళ్లు కోసే ఎలక్ట్రోసర్జరీ యూనిట్ 10 సెంటీమీటర్ల నుంచి పేస్‌మేకర్లను నిరోధించాయి. అది శరీరం బయట, ఆనాటి పేస్‌మేకర్లతో చేసిన పరీక్ష. తరువాత వచ్చిన పేస్‌మేకర్లకు రక్షణ మెరుగైంది, వాటిని అమర్చుకున్న మనుషుల్లో చేసిన పరీక్షల్లో గుండెకు ఇబ్బంది కలిగించే ఆటంకం కనబడలేదు. అయినా అవి చూసినది కుర్చీలో అరగంట పడుకునే పేషెంటును. రోజంతా హ్యాండ్‌పీస్‌ను ఛాతీకి దగ్గరగా పట్టుకుని పనిచేసే ఉద్యోగిని సంగతి వేరు, అందుకే ఆవిడ విషయంలో నేను పాత అంకెనే పట్టుకుంటాను.

ఆవిడ తన కార్డియాలజిస్టును మూడు విషయాలు అడిగి రాయించుకోవాలి: పేస్‌మేకర్ మోడల్, గుండెకు వెళ్లే దాని తీగ (లీడు) బైపోలారా యూనిపోలారా, గుండె పూర్తిగా దాని మీదే ఆధారపడి ఉందా. మీ స్కేలర్ మొన వెనుక రేకుల కట్ట ఉన్న రకమైతే దాన్ని ఆవిడ వాడకూడదు, పీజో రకం ఇప్పించాలి. పరికరాలు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టి నడుస్తుండగా దాని మీదకు వంగకూడదు. మూత పెట్టి స్విచ్ వేసి పక్కకు వెళ్లాలి. ఎలక్ట్రోసర్జరీ జరుగుతున్నప్పుడు గదిలో మరొకరు సాయం చేయాలి. బలమైన అయస్కాంతం ఉన్న బ్యాడ్జీలు, పెన్ హోల్డర్లు కోటు జేబు మీద పెట్టుకోకూడదు, ఎందుకంటే 0.5 మిల్లీటెస్లా (500 మైక్రోటెస్లా) దాటిన నిలకడ క్షేత్రం కూడా పేస్‌మేకర్ తీరును మార్చవచ్చు. పని మధ్యలో కళ్లు తిరిగినా గుండె దడగా ఉన్నా వెంటనే పెడల్ మీద నుంచి కాలు తీసి వెనక్కు జరగాలి, చాలా సందర్భాల్లో ఆ ఒక్క పనితోనే అది సర్దుకుంటుంది. రేపు మీరు క్లినిక్కు తెరిచాక చేయగలిగిన మొదటి పని, స్కేలర్ మొనను ఒకసారి బయటకు లాగి చూసి, అది ఏ రకమో యూనిట్ మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించడం.